ఆ కెమెరాకి వారసులు లేరు

"ఫొటో బాబాయి షాపు ఎత్తేస్తున్నాడట్రా. నిన్నొకసారి వచ్చి పొమ్మన్నాడు."

అమ్మ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో ఎవరిదో వ్యాసం దిద్దుతున్నాను. ఎందుకు రమ్మన్నాడో అమ్మకీ సరిగ్గా తెలీదు. "నీకేదో ఇస్తాడట. ఇస్తాడో, అమ్ముతాడో! వ్యాపారస్తుడు కదా" అంది. అమ్మ అంతే. మనుషుల్ని ప్రేమిస్తూనే లెక్కలు వేసుకుంటుంది.

మాది ఖమ్మం జిల్లా మధిర. బాబాయి మాకు చుట్టం కాదు. ఊళ్లో సగం మందికి ఆయన బాబాయే. స్టేషన్ రోడ్డులో చిన్న స్టూడియో. గోడ మీద తాజ్‌మహల్ తెర, ఓ ప్లాస్టిక్ పూలకుండీ, దువ్వెన వేలాడుతున్న అద్దం. మా ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికీ ఆయనే ఫొటోలు తీశాడు. నా హాల్‌టికెట్ల మీద బిక్కమొహం పెట్టింది నేనైతే, దాన్ని పట్టుకున్నది ఆయన కెమెరా.

ఆ ఆదివారం రైలెక్కి వెళ్లాను. షాపు సగం ఖాళీ అయిపోయి ఉంది. బిల్డింగు అమ్మేశారట. బెంగళూరులో ఉన్న కొడుకు ఇక వచ్చేయమంటున్నాడట. బాబాయి బీరువాలోంచి ఒక్కొక్కటీ తీసి టేబుల్ మీద పాత పేపర్ పరిచి పెట్టాడు. (మా పేపరే. నేను రాసిన పేజీ కాదులెండి.) రెండు యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000 బాడీలు. వాటితో వచ్చిన మామూలు 50 ఎంఎం లెన్సు ఒకటి, 28 ఒకటి, 135 ఒకటి. ఆఖర్న మెత్తటి గుడ్డలో చుట్టిన ఇంకో 50 ఎంఎం. దాని మీద కార్ల్ జైస్ అని ఉంది. "దుబాయ్ నుంచి వచ్చినాయన డబ్బులవసరమై ఇచ్చిపోయాడు. పెళ్లిళ్లకి వాడితే పాడైపోద్దని దాచాను. దాచీ దాచీ డిజిటల్ వచ్చేసింది" అన్నాడు నవ్వుతూ.

మొత్తం కలిపి పాతికవేలు. విడిగా ఇవ్వడు. "అన్నీ నువ్వే తీసుకో. బయటోడికిస్తే ముక్కలు చేసి అమ్ముకుంటాడు. నువ్వైతే వాడతావు" అన్నాడు.

అమ్మ నా గురించి ఆయనకి ఏం చెప్పిందో నాకు అర్థమైంది.

సంగతేమిటంటే, నాన్న 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆయన ఆఖరి రెండేళ్ల ఫొటోలన్నీ నా ఫోన్‌లో ఉండేవి. మా పాపకి వాకిట్లో సైకిల్ నేర్పుతున్నవీ, ఆస్పత్రి మంచం మీద పేపర్ చదువుకుంటున్నవీ, సంక్రాంతికి గాలిపటం దారం చిక్కు తీస్తున్నవీ. స్టోరేజీ నిండిపోయింది, వేరేచోట దాచుకోండి అని ఫోన్ ఎన్నోసార్లు మొత్తుకుంది. నేను ఎన్నోసార్లు 'తర్వాత' అని నొక్కాను. ఆ ఏడాది జులైలో ఫోన్ నీళ్ల బకెట్‌లో పడింది. బాగుచేసేవాళ్లు ముగ్గురు చూశారు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. తప్పు ఎవరిదీ కాదు, నాదే. అప్పట్నుంచి అమ్మతో "ఫిల్మ్ కెమెరా ఉండుంటే బాగుండేదే" అని ఓ పదిసార్లు అనుంటాను.

నేను గాలికి అన్న మాట బాబాయి చెవిన పడి, టేబుల్ మీద లెన్సులై కూర్చుంది. వారం రోజులు టైమడిగి హైదరాబాద్ వచ్చేశాను.

*

కెమెరా కొనడం వేరు, కెమెరా సిస్టమ్ కొనడం వేరు. కెమెరా కొనడమంటే పిల్లని చేసుకోవడమైతే, సిస్టమ్ కొనడం వియ్యమందుకోవడం లాంటిది. లెన్సు బాడీకి బిగించే చోట ఓ లోహపు చుట్టు ఉంటుంది. మౌంటు అంటారు దాన్ని. ఒక కంపెనీ మౌంటుకి ఇంకో కంపెనీ లెన్సు పట్టదు, ఏ సీసా మూత ఆ సీసాదే అన్నట్టు. మీరు ఒక బాడీ కొన్నారంటే రేపు కొనబోయే లెన్సులూ, పాడైతే దొరకాల్సిన సామానూ, రిపేరు చేసేవాడూ అందరూ ఆ ఇంటివాళ్లే కావాలి. మరి అత్తారిల్లే మూతపడితే?

యాషికా అనగానే చాలా ఇళ్లలో గుర్తొచ్చేది ఎంఎఫ్-2. బటన్ నొక్కితే చాలు, పిక్నిక్ అయిపోయేది. బాబాయివి ఆ రకం కాదు. లెన్సులు మార్చుకునే ఎస్ఎల్ఆర్‌లు. సూపర్ 2000 మోడల్ 1986లో వచ్చింది. తయారుచేసింది నిజానికి కొసీనా అనే ఇంకో జపాన్ కంపెనీ, పేరు మాత్రం యాషికాది. దీని గొప్పంతా ఒక్కచోట ఉంది. షట్టరు పూర్తిగా మెకానికల్. అంటే గడియారంలా స్ప్రింగుల మీద, పళ్ల చక్రాల మీద నడుస్తుంది. లోపల వేసే రెండు బటన్ సెల్స్ వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే. వ్యూఫైండర్లో పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగితే వెలుతురు సరిపోయినట్టు, ఎరుపు వెలిగితే ఎక్కువో తక్కువో అయినట్టు. సెల్స్ అయిపోయినా కెమెరా పనిచేస్తుంది, మీరే అంచనా వేసుకోవాలి. ఎండలో ఎంత, పందిట్లో ఎంత, రాత్రి ఊరేగింపులో ఫ్లాష్‌తో ఎంత అన్నది బాబాయికి నోటి లెక్క.

దీనికి మంచి వంశమే ఉంది. యాషికా 1970ల్లో జర్మనీకి చెందిన కార్ల్ జైస్‌తో కలిసి కొత్త మౌంటు ఒకటి తెచ్చింది. ఆ మౌంటుతో కాంటాక్స్ ఆర్‌టీఎస్ అనే కెమెరా 1975లో అమ్మకానికొచ్చింది. ఖరీదైన బాడీలకి కాంటాక్స్ అని పేరు, మధ్యతరగతి బాడీలకి యాషికా అని. కానీ మౌంటు మాత్రం ఒక్కటే! స్టేషన్ రోడ్డులో స్టూడియో పెట్టుకున్న మనిషి కూడా తన యాషికాకి జైస్ లెన్సు బిగించుకోవచ్చు, దుబాయ్ ఆయన ఎదురైతే. 1983లో యాషికాని క్యోసెరా అనే కంపెనీ తనలో కలిపేసుకుంది. 2005లో కాంటాక్స్‌ని ఆపేస్తున్నట్టు క్యోసెరా ప్రకటించి, కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది. 2008లో యాషికా అన్న పేరు ఓ హాంకాంగ్ సంస్థ చేతికి వెళ్లింది. వెళ్లింది పేరే. ముప్పై ఏళ్లు బతికిన ఆ సిస్టమ్‌ని మళ్లీ నిలబెట్టిన వాళ్లు లేరు. ఇంటిపేరు మిగిలి ఇల్లు పోయినట్టు.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర ఉత్సాహంగా చెప్పాను. మా ఆవిడ ఓపిగ్గా విన్నది.

"అంటే ఇరవై ఏళ్ల కిందట ఆపేసినదాన్ని పాతికవేలు పెట్టి కొంటారా?"

"మెకానికల్ కదా. దానికేమీ కాదు."

"సరే. అయితే ఎవరికి చూపిస్తారు? ఆ రీళ్లు ఎక్కడ కడిగిస్తారు?" అని ఒక నిమిషం ఆగి, బీరువా మీదకి చూసింది. అక్కడ 2017లో నేను కొన్న తబలా ఉంది. ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు కూడా.

పాతికవేలూ ఇన్వర్టర్ మార్చడానికి పక్కన పెట్టినవన్న సంగతి ఇక్కడ చెప్పకపోతే ఆవిడకి అన్యాయం చేసినట్టు. మార్చి నెల దగ్గర పడుతోంది.

*

ఆవిడ మొదటి ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ కోఠీ వెళ్లాను. ఒకప్పుడు పెళ్లిళ్ల సీజన్ ముందు జిల్లాల నుంచి ఫొటోగ్రాఫర్లు అక్కడికి వచ్చి కెమెరాలు బాగుచేయించుకునేవాళ్లట. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఓ మేడ మెట్ల కింద, గ్యాస్ సిలిండర్ పట్టేంత జాగాలో, కంటికి భూతద్దం బిగించుకున్న ఒక పెద్దాయన దొరికాడు. వయసు డెబ్బై దాటింది. అందరూ మాస్టారనే పిలుస్తున్నారు. బాబాయి దగ్గర్నుంచి ఒక బాడీ, జైస్ లెన్సు చూపించడానికి తెచ్చుకున్నాను. ఆయన ముందు పెట్టాను.

ఆయన సెల్స్ తీసేశాడు. వెనక తలుపు తెరిచి, స్పీడు ఒక సెకను మీద పెట్టి బటన్ నొక్కాడు. తెర తెరుచుకుంది, ఆగింది, మూసుకుంది. ఇంకోసారి. ఇంకోసారి. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు స్టెతస్కోపు పెట్టుకుని విన్నట్టు.

"నెలకోసారైనా తిప్పుతున్నారే దీన్ని" అన్నాడు.

నిజమే. డిజిటల్ కొన్న 2006 నుంచి ప్రతి ఒకటో తారీఖున రెండు కెమెరాలూ బయటికి తీసి, ఫిల్మ్ లేకుండా పదేసి సార్లు నొక్కి లోపల పెడతానని బాబాయి చెప్పాడు. పడుకోబెడితే కీళ్లు పట్టేస్తాయట.

మాస్టారు తలుపు అంచుల్లో వేలితో రాసి చూపించాడు. నల్లగా తారులా అంటుకుంది. వెలుతురు లోపలికి రాకుండా పెట్టే స్పాంజి అది. ఆ కాలపు కెమెరా ఏ కంపెనీదైనా ఇన్నేళ్లకి ఇలా కరిగిపోవాల్సిందేనట. మార్చడం పెద్ద పని కాదు. సెల్స్ పెట్టే గూట్లో పచ్చటి చిలుము లేదు, మంచిది. లెన్సుని ఓ పక్క నుంచి టార్చిలైటు వేసి చూశాడు. సాలెగూడులా కనిపిస్తే ఫంగస్. మన వానాకాలాల్లో లెన్సుల ప్రాణం తీసేది అదే. జైస్‌లో ఏమీ లేదు. బాబాయి మెత్తటి గుడ్డ ఊరికే పోలేదు.

"పాడైతే సామాను దొరుకుతుందా మాస్టారూ?"

ఆయన బల్ల కింద డబ్బా లాగాడు. అందులో కెమెరాల శవాలు. "ఒకటి చస్తే రెండు బతుకుతాయి. కంపెనీ పోయిందని నాకు పని తగ్గలేదు. పాత కెమెరాలు పట్టుకుని ఇరవై ఏళ్ల పిల్లలొస్తున్నారు. నాకే కళ్లు తగ్గుతున్నాయి."

"ఎవరైనా నేర్చుకుంటున్నారా?"

"కెమెరా వాడ్డానికొస్తున్నారు. స్క్రూ తిప్పడానికి ఎవడొస్తాడు?"

అక్కడ కూర్చునే నా భయాన్ని కాస్త తిప్పి చూసుకున్నాను. కంపెనీ మూతపడిన సరుకు కొనాలా వద్దా అని నేను తలపట్టుకున్నాను. నిక్షేపంగా ఉన్న కంపెనీల సంగతేమిటి? కానన్ 1987లో ఎఫ్‌డీ మౌంటుని పక్కన పెట్టి కొత్తది తెచ్చింది. అప్పటిదాకా లెన్సులు కూడబెట్టుకున్నవాళ్లు నోళ్లు తెరుచుకు చూశారు. కోనికా మినోల్టా 2006లో కెమెరాలు మానేస్తే సోనీ దాని మౌంటుని దత్తత తీసుకుంది. హమ్మయ్య అనుకున్నారు జనం. 2021లో సోనీ కూడా ఆ కెమెరాల్ని తన జాబితాలోంచి తీసేసింది. కానన్ 2012లో మొదలుపెట్టిన ఈఎఫ్-ఎం అయితే 2023కల్లా సరి. షోరూంలో కొత్తగా, వారంటీ కార్డుతో కొన్నవాళ్లకీ జరిగిందిదే. పోయిన సిస్టమ్‌లో ఒక సుఖముంది. ఇక పోవడానికేమీ లేదు.

అలాగని కంపెనీతో పనే లేదనడానికీ లేదు. కోడాక్రోమ్ అనే రంగుల ఫిల్మ్ పేరు వినే ఉంటారు. కొడాక్ దాన్ని 2009లో ఆపేసింది. దాన్ని కడిగే పద్ధతి వేరు, మామూలు ల్యాబుల్లో కుదరదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒకే ఒక్క ల్యాబు మిగిలింది. అదీ 2010 ఆఖరుకి రీళ్లు తీసుకోవడం మానేసింది. ఆ ఫిల్మ్ వేసుకోవాల్సిన కెమెరాలు లక్షణంగా ఉన్నాయి, కడిగే చోటు లేదు. మన ఊటీలో ఇందు బ్రాండుతో ఫిల్మ్ తయారుచేసిన ప్రభుత్వ ఫ్యాక్టరీ, హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, అదీ లేదిప్పుడు. ఇంకోవైపు 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్‌ని అదే కొడాక్ 2018లో మళ్లీ తెచ్చింది! కాబట్టి జాతకం చెప్పడం కష్టం.

మా ఆవిడ రెండో ప్రశ్న అందుకే అసలు ప్రశ్న. మామూలు రంగుల ఫిల్మ్ కడిగేవాళ్లు నగరంలో ఇంకా ఉన్నారు. 38 డిగ్రీల వేడి దగ్గర, డెవలపర్‌లో మూడుంపావు నిమిషాలు. డిగ్రీ అటూ ఇటూ అయితే రంగులు మారిపోతాయి. ఒకప్పుడు సందుకో కలర్ ల్యాబు ఉండేది. గంటలో ఫొటోలు చేతికొచ్చేవి. ఇప్పుడు రీళ్లు పోగయ్యేదాకా ఆగి, వారానికో రెండుసార్లు కడుగుతారు. నేను కనుక్కున్న ధరల ప్రకారం 36 ఫొటోల రీలు వెయ్యికి అటూ ఇటూ. కడిగి, కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వడానికి ఇంకో ఐదొందలు. అంటే బటన్ నొక్కినప్పుడల్లా నలభై రూపాయల పైమాట. కళ్లు మూసుకున్నా నలభయ్యే, కాకి అడ్డమొచ్చినా నలభయ్యే. నెలకో రీలు చొప్పున వేసుకుంటే ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది వేలు. కెమెరా ధర గురించి ఆలోచిస్తూ కూర్చున్నవాణ్ని, దాని తిండి ఖర్చు లెక్కే వేసుకోలేదు.

లేచి వచ్చేస్తుంటే మాస్టారి దగ్గరికి సామాను కోసం వచ్చిన పక్క షాపు కుర్రాడు జైస్ లెన్సు వైపు చూశాడు. "అన్నా, ప్లానారా? అమ్ముతావా? పన్నెండు వేలు నేనిస్తా ఇప్పుడే."

ఇప్పుడొస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో లోపల అద్దం లేదు కాబట్టి లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య దూరం తక్కువ. మధ్యలో ఓ ఇత్తడో అల్యూమినియమో రింగు పెడితే ఎప్పటి లెన్సయినా పట్టేస్తుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు ఇలాంటి పాత లెన్సుల కోసం వెతుక్కుంటున్నారట. బాడీకి వారసులు లేరు కానీ లెన్సుల్ని మాత్రం దత్తత తీసుకునేవాళ్లు క్యూలో ఉన్నారు.

*

బస్సులో కూర్చున్నాక లెక్క తనంతట తనే నడిచింది. ప్లానార్ పన్నెండు వేలు. బేరమాడితే ఇంకో రెండు. మిగతా రెండు లెన్సులకీ ఓ తొమ్మిది. అంటే బాబాయికి పాతికవేలిచ్చి అన్నీ తీసుకుని మూడు లెన్సులూ అమ్మేస్తే, రెండు బాడీలూ ఓ లెన్సూ నాకు రెండు వేలకే మిగులుతాయి. ఇన్వర్టర్‌కీ ఇబ్బంది లేదు, మా ఆవిడకీ జవాబు చెప్పొచ్చు. బాబాయి అడిగిన ధర బాబాయికి ముట్టినట్టే కదా. అందులో మోసమేముంది?

అబద్ధం ఎందుకు, ఈ ఆలోచన ఎల్బీ నగర్ దాకా నాతో ప్రయాణం చేసింది. 'బయటోడికిస్తే ముక్కలు చేసి అమ్ముకుంటాడు' అన్న మాట కూడా పక్క సీట్లోనే కూర్చుంది. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. పొద్దున్నే బాబాయికి ఫోన్ చేసి చెప్పేశాను. ఏది ఎంత పలుకుతుందో మొత్తం. చెప్పాక చాలాసేపు అవతల చప్పుడు లేదు.

"అంత ఇస్తారా దానికి?" అన్నాడు చివరికి. "మరి నువ్వు తీసుకోవా?"

"సిస్టమంతా వద్దు బాబాయ్. నా వల్ల కాదు. తీసుకెళ్లి నేనూ బీరువాలో పెడతాను. ఒక బాడీ, ఆ మామూలు లెన్సు చాలు."

లెన్సులు మూడూ ఇరవైమూడు వేలకి పోయాయి, నేను లెక్కేసుకున్నట్టే. ఒక బాడీ, 50 ఎంఎం లెన్సు నేను ఆరు వేలకి తీసుకున్నాను. అయిదు చాలన్నాడు, ఆరు ఇచ్చాను. రెండో బాడీ ధర అడగబోతే టేబుల్ మీంచి తన వైపు జరుపుకున్నాడు. "ఇది 89లో కొన్న మొదటిది. లెక్క కుదిరింది కదా, ఇక అమ్మనులే" అని దాన్ని బెంగళూరు పెట్టెలో చొక్కాల మధ్య పెట్టుకున్నాడు.

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. "నిన్ను రమ్మన్నది ఈ కెమెరాల కోసమే కాదురా" అంటూ అటక మీంచి స్వీటు డబ్బాలు దింపాడు. ఇరవై పైనే ఉంటాయి. డబ్బా మీద ఇంకుతో సంవత్సరం. లోపల కవర్లలో నెగటివ్‌లు. ఊరి పెళ్లిళ్లు, ఊరి చావులు, ఊరి వోణీల ఫంక్షన్లు. "అందరికీ కబురు పెట్టాను. ఇద్దరే వచ్చారు. 99 డబ్బా చూసుకో, మీ గృహప్రవేశం ఉంటది" అన్నాడు.

ఫిల్మ్ అయితే శాశ్వతం అని రెండేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చానా! ఆ డబ్బా తెరవగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన. అడుగున ఉన్నవి తడికి ఒకదానికొకటి అతుక్కుపోయి, లాగితే బొమ్మ ఊడి వస్తోంది. నీళ్ల బకెట్‌కి ఫోనేమిటి, ఫిల్మేమిటి! మా ఇంటివి నాలుగు ముక్కలు మిగిలాయి. ముక్కకి నాలుగైదు బొమ్మలు. వాటిల్లో మూడు వంతులు మా ఆల్బమ్‌లో ఉన్నవే. నాన్న ఫొటో అనగానే జనగణమన పాడుతున్నట్టు చేతులు బిగించి నిలబడేవారు. పాలు పొంగించేటప్పుడూ అంతే, హోమం దగ్గరా అంతే.

బాబాయి ఓ ముక్క ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నాడు. అది రీలు మొదలు. రీలు ఎక్కించేటప్పుడు మొదట్లో కొంత ఫిల్మ్ వెలుతురు తగిలి పాడైపోతుంది. అందుకని తలుపు మూశాక రెండు మూడు సార్లు ఉత్తినే నొక్కి, ఆ భాగం దాటించాక అసలు ఫొటోలు మొదలుపెడతారు. ఆ ఉత్త నొక్కుళ్లలో ఏం పడిందో ఎవరూ చూడరు. ల్యాబులో ప్రింటు వేయరు. సగం కాలిపోయిన ఆ బొమ్మలో, కాలని సగంలో ఎవరో ఉన్నారు. మొహాలు నల్లగా, జుట్టు తెల్లగా, నెగటివ్ కాబట్టి పోల్చుకోవడం కష్టం.

హైదరాబాద్ తెచ్చి స్కాన్ చేయించాను. వాకిట్లో మామిడాకుల తోరణం కింద నాన్న. పంచె పైకి మడిచి ఉంది, చేతిలో సుత్తి. కెమెరా వైపు చూడటం లేదు. ఫొటో తీస్తున్నారని తెలీదు. ఎవరో ఏదో అన్నారు, తల వెనక్కి వేసి నవ్వుతున్నారు. పై పలువరసలో పన్ను లేని ఖాళీ కూడా కనిపిస్తోంది. ఎడమ వైపు సగం తెల్లగా, అంచున నారింజ రంగు. ఇరవై ఏళ్లకు పైగా అటక మీద ఉందది, వేస్టు కింద.

అమ్మకి వాట్సాప్‌లో పంపాను. (ఏంచేస్తాం!) రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "ఆ సుత్తి మనది కాదు, పక్కింటివాళ్లది. తిరిగి ఇచ్చారో లేదో మీ నాన్న" అంది. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మొన్న శివరాత్రికి వెళ్లినప్పుడు కెమెరా పట్టుకెళ్లాను. స్పాంజి మాస్టారు మార్చి ఇచ్చాడు. కొత్త రీలు వేసి, అంచు చక్రానికి తగిలించి, తలుపు మూశాను. మొదటి రెండు నొక్కుళ్లు లెక్కలోకి రావు. అమ్మ పెరట్లో బియ్యం చెరుగుతూ ఎవరినో తిడుతోంది. కెమెరా అటు తిప్పాను.

"అప్పుడే తియ్యకు, చీర మార్చుకొస్తాను" అంది.

"ఇవి ఫొటోలు కావులేవే" అన్నాను.

రీలింకా పందొమ్మిది దగ్గరే ఉంది. ల్యాబు వాళ్లకి మాత్రం ముందే చెప్పి ఉంచాను, మొదట్లో ఉన్న ముక్క కత్తిరించి పారేయొద్దని.